చుట్టుకొక్క కుదుపు

హ్యాంగర్‌లో అందరూ ఆమెను 'మళ్ళీ మేడమ్' అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఏ బోల్టు బిగించినా, ఏ కాగితం మీద సంతకం పెట్టబోయినా ఒక్క క్షణం ఆగి "మళ్ళీ ఒకసారి చూద్దాం" అనడం ఆమెకు అలవాటు. బయల్దేరే తొందరలో ఉన్న పైలట్లు ఆ మాట వినగానే పళ్ళు నూరుకునేవాళ్ళు. ఒక్క పైలట్ మాత్రం నోరెత్తకుండా పక్కన బల్ల మీద కూర్చునేవాడు. అతను ఆమె మరిది.

ఆమెకు భయం పుట్టుకతో వచ్చింది. చిన్నప్పుడు కుక్కంటే భయం, లిఫ్టంటే భయం, ఎవరైనా గొంతు పెంచితే భయం. తండ్రికి ఫ్యాన్లు బాగుచేసే కొట్టుండేది. నెత్తి మీద ఫ్యాను కాస్త ఊగితే చాలు, ఆ పిల్ల పుస్తకం పట్టుకుని గోడవారకు జరిగిపోయేది. తండ్రి నవ్వలేదు, కోప్పడనూ లేదు. నిచ్చెన వేసుకుని రెక్కలు విప్పి, ఒక్కొక్కటీ తూచి, తేలికైన దాని మీద చిన్న రేకుముక్క అంటించి మళ్ళీ బిగించేవాడు. "ఇప్పుడు రా. పడితే ముందు నా మీదే పడుతుంది" అంటూ తనే దాని కింద మఠం వేసుకుని కూర్చునేవాడు. దాంతో ఆమెకు భయమైతే పోలేదు గానీ, ఊగేదాన్ని ఎలా నిలబెట్టాలో మాత్రం వచ్చింది. పెద్దయ్యాక విమానాల మరమ్మతు కోర్సు చదివింది. చివరికి మూడు చిన్న హెలికాప్టర్లున్న కంపెనీలో మెకానిక్‌గా చేరింది. మూడూ రెండేసి రెక్కలవే. వాటి పని కరెంటు లైన్ల వెంబడి ఎగురుతూ తీగలూ స్తంభాలూ తనిఖీ చేయడం.

భర్త బడిలో లెక్కల మాస్టారు. ఆయన తమ్ముడికి అదే కంపెనీలో పైలట్‌గా ఉద్యోగం వచ్చినప్పుడు ఇంట్లో అందరూ సంతోషించారు, ఈమె తప్ప. అత్తగారు వంటింట్లో బీన్సు ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే అన్నారు.

"అమ్మాయ్, వాణ్ణి నీ చేతుల్లో పెడుతున్నాను. నువ్వు సరేనంటేనే వాడు ఎక్కాలి."

"సరే అత్తయ్యా" అంది గానీ, ఆ రోజు నుంచీ ఆమె గుండె గుప్పెట్లోనే ఉంది. మరిది పైకి లేచిన దగ్గర్నుంచి చక్రాల్లేని ఆ ఇనుప కాళ్ళు మళ్ళీ నేలకు ఆనేదాకా ఆమె ఏ పని చేస్తున్నా చెవి ఆకాశంలోనే ఉండేది.

ఇంత భయస్థురాలు హెలికాప్టర్లో కూర్చుంటుందా? కూర్చోదు. అప్పటికి పదకొండేళ్ళ కిందట శిక్షణలో భాగంగా ఒకసారి ఎక్కింది. ఇంజిను ఆగితే ఎలా దిగాలో చూపిద్దామని ఆ పైలట్ చెప్పకుండా దాన్ని రాయిలా కిందికి వదిలాడు. క్షేమంగానే దిగారు. కానీ ఆమె నాలుక కొరుక్కుంది, రెండ్రోజులు అన్నం సయించలేదు. ఆ తర్వాత గాల్లో పరీక్షించాల్సిందేదైనా ఉంటే పెద్దమెకానిక్ గారు ఎక్కేవారు. ఆయన కిందటేడు రిటైరయ్యారు. ఆయన కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

ఒక మంగళవారం పొద్దున పదింటికి మరిది హెలికాప్టర్‌ను హ్యాంగర్ ముందు దించాడు. ఇంజిను ఆగింది, రెక్కలు ఆగాయి, అతను మాత్రం దిగలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పరుగులాంటి నడకతో దగ్గరికెళ్ళింది.

"ఏమైంది?"

"ఏం కాలేదు వదినా. స్టిక్ చేతిలో కొంచెం కదిలినట్టుంది."

"పైకీ కిందికా, పక్కలకా?"

"పక్కలకే. జల్లెడ పట్టినట్టు. వేగం పెరిగితే వచ్చింది, తగ్గిస్తే పోయింది."

"కాళ్ళ దగ్గర?"

"కాళ్ళ దగ్గర ఏం లేదు."

ఆ ప్రశ్నలు ఊరికే అడిగినవి కావు. అరికాళ్ళలో తేనెటీగ రొదలాగా ఉంటే తప్పు తోక చివర తిరిగే చిన్న రోటర్‌ది. సీటు పైకీ కిందికీ ఎగరేస్తుంటే రెండు రెక్కలూ ఒకే ఎత్తులో తిరగడం లేదని. పక్కలకు ఊగిస్తుంటే ఒక రెక్క వైపు బరువు ఎక్కువైందని. రెండు రెక్కల హెలికాప్టర్‌కు చుట్టుకి రెండు కుదుపులు ఎప్పుడూ ఉంటాయి, అది దాని నడక. చుట్టుకి ఒక్కటే కుదుపు వస్తే మాత్రం రెండు రెక్కల్లో ఒకటి రెండోదానిలా లేదన్న మాట.

కుదుపును కొలిచే సెన్సార్ బిగించి, నేల మీదే ఇంజిను నడిపించి చూసింది. ఎర్ర గీత ఉన్న రెక్క బరువుగా ఉందంది పరికరం. గంట ఆగి మళ్ళీ నడిపిస్తే తెల్ల గీత ఉన్న రెక్క బరువుగా ఉందంది. మధ్యాహ్నం ఎండెక్కాక చూస్తే రెండూ సమానమే అంది. పెద్దమెకానిక్ గారు ఎప్పుడూ చెప్పేవారు: అంకె ఒకే మాట మీద ఉంటే బరువు వెయ్యి, పూటకో మాట చెప్తే చెయ్యి పెట్టకు, ఎక్కడో ఏదో వదులైంది, వెతుకు.

వెతికింది. రెండు రెక్కలూ బిగించే రోటర్ తలకాయలో ప్రతి బోల్టూ చూసింది. బేరింగుల్లో వేలు పెట్టి తిప్పి చూసింది. నిచ్చెన ఎక్కి రెక్కల పొడవునా, పైనా కిందా నాణెంతో కొట్టుకుంటూ పోయింది. రెక్క పైరేకు లోపల గట్టిగా అతుక్కుని ఉంటే నాణెం ఖంగుమంటుంది, ఎక్కడైనా ఊడితే పుచ్చిన గుమ్మడికాయ మీద కొట్టినట్టు బొదబొదమంటుంది. ఎక్కడా అనలేదు.

సాయంత్రం యజమాని వచ్చాడు. ఒకప్పటి పైలట్ కావడంతో అందరూ కెప్టెన్ గారనేవారు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి.

"ఏదో ఒక వైపు చిన్న బరువు వేసి పంపించేయండి. ఎల్లుండి నుంచి లైను తనిఖీ మొదలుపెట్టాలి."

"ఏ వైపు వెయ్యాలో అది చెప్పడం లేదండీ."

"మీరు అడిగే కొద్దీ అదీ తికమకపడుతోందేమో" అని తనే నవ్వుకుని వెళ్ళిపోయాడు.

ఆమె పెద్దమెకానిక్ గారికి ఫోన్ చేసింది. ఆయన అంతా విని, "గాల్లో ఎలా ఉంది?" అన్నారు.

"పైలట్ చెప్పాడండీ."

"పైలట్ చెప్పడం కాదు. నువ్వు కూర్చున్నావా?"

"నేనా?"

"మీటరు చెప్పని మాట పిర్ర చెప్తుందమ్మా. కూర్చుని చూడు."

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు అడిగారు, "మిషను బాగానే ఉందా?" అని. మరిది పళ్ళెంలోకి చూశాడు. "చూస్తున్నాం అత్తయ్యా" అందామె.

మర్నాడు పొద్దున హ్యాంగర్ ముందు మరిది హెలికాప్టర్‌ను గొట్టంతో శుభ్రంగా కడిగించి నిలబెట్టాడు, ముందురోజు కడిగించినట్టే. ఆమె బెల్టు పెట్టుకుంది. విప్పి మళ్ళీ పెట్టుకుంది.

"వదినా, వద్దంటే చెప్పు. నేనొక్కణ్ణే వెళ్ళి చూసొస్తాను."

"నువ్వొక్కడివే వెళ్ళడానికైతే నేనెందుకు ఎక్కుతాను? పోనీ."

నేల వదలగానే ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. మనిషెత్తులో నిలబెట్టినప్పుడు మాత్రం హెలికాప్టర్ మంచం మీద పడుకున్నంత హాయిగా ఉంది. మనసు ఒక్క నిమిషం కుదుటపడింది. ఏమీ లేదేమో, అంతా సరిపోయిందేమో, దిగిపోదామా అనిపించింది. అంతలో ముక్కు కిందికి వంచి మరిది వేగం పెంచాడు. కింద ఇళ్ళ కప్పులు, బట్టలు ఆరేసిన మేడలు, రోడ్డు మీద చీమల్లా బళ్ళు. ఆమె కిందికి చూడడం మానేసింది.

కుదుపు వచ్చింది. వచ్చిందో లేదో ఆమెకు తెలియలేదు. చేతులు వణుకుతున్నాయి, మోకాళ్ళు వణుకుతున్నాయి, పళ్ళు టకటకమంటున్నాయి. ఇందులో హెలికాప్టర్ వాటా ఎంత, తన వాటా ఎంత? నిలువెల్లా వణికే మనిషి వణుకును ఎలా కొలుస్తుంది? ఇందుకా ఎక్కింది అని తన మీద తనకే ఏడుపొచ్చింది.

అప్పుడు అద్దం దగ్గర బిగించిన దిక్సూచి కంటబడింది. గాజుబుడ్డిలో ద్రవం, అందులో తేలే చిన్న బిళ్ళ. తన వణుకు దానికి అంటదు. ఆమె చేతులు తొడల కింద పెట్టుకుని దాని వంకే చూసింది. బిళ్ళ పక్కలకు ఊగుతోంది. ఇటూ, అటూ, ఇటూ. ఆమె పెదవులతో లెక్కపెట్టడానికి ప్రయత్నించింది, అందలేదు. కానీ పైన రెక్కల చప్పుడు రెండు దెబ్బలు పడినప్పుడల్లా బిళ్ళ ఒక్కసారి ఊగుతోంది. చుట్టుకి ఒక్కటి.

"వేగం ఇంతేనా? పెంచావా?"

"పెంచలేదు."

అర నిమిషం చూసింది. వేగం పెరగలేదు, ఊపు పెరిగింది. ఇంకో అర నిమిషానికి బిళ్ళ బుడ్డి అంచును తాకుతోంది. ఉన్నచోట ఉండే కుదుపు వేరు, పెరిగే కుదుపు వేరు. పెరుగుతోందంటే పైన ఏదో ఒకటి ఇప్పుడు, ఈ నిమిషంలో మారుతోంది.

"దించు."

"మన హ్యాంగర్ దగ్గర్లోనే ఉంది వదినా. నాలుగు నిమిషాలు."

"దించు. ఇక్కడే."

"ఇక్కడ అన్నీ ఇళ్ళే."

"అదిగో, ఆ ఆటస్థలం. నెమ్మదిగా తగ్గించు. గట్టిగా తిప్పకు, ఊరికే కదపకు."

మరిది వేగం తగ్గించి ముక్కును నెమ్మదిగా అటు తిప్పాడు. ఆ దిగడం ఎంతసేపు పట్టిందో ఆమెను అడిగితే గంటంటుంది, అతన్ని అడిగితే ఒకటిన్నర నిమిషం అంటాడు. ఆటస్థలంలో ఎవరూ లేరు, ఒక మూల సున్నం బండితో గీతలు గీస్తున్న కాపలాదారు తప్ప. నేలకు ఆనిన తర్వాత కూడా ఆమె వేళ్ళు బెల్టు విప్పలేకపోయాయి. మరిదే వంగి విప్పాడు.

కాపలాదారు సున్నం బండి వదిలేసి వచ్చాడు. గీసిన గీతలన్నీ గాలికి లేచిపోయి ఉన్నాయి.

"ఇక్కడ బళ్ళు పెట్టకూడదు" అన్నాడు, బోర్డు వైపు వేలు చూపిస్తూ.

"బండి చెడిపోయింది బాబాయ్" అన్నాడు మరిది.

"చెడిపోతే పక్కకు తోసుకోవాలి."

మరిదికి నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. దిగుతున్నామని మరిది రేడియోలో చెప్పడంతో అప్పుడే కెప్టెన్ గారి నుంచి ఆమెకు ఫోను వచ్చింది.

"ఏం దొరికింది?" అన్నాడాయన.

"ఇంకా ఏం దొరకలేదండీ."

"ఏమీ దొరక్కుండానే ఊరి మధ్యలో దింపించారా?"

"కుదుపు పెరిగిందండీ."

ఆయన మెత్తగానే అన్నాడు. "మీరు ఎక్కి పదకొండేళ్ళయింది. నేను తప్పు పట్టడం లేదు. తాడును చూసి పామనుకున్నారేమో, ఆలోచించండి. నేను బయల్దేరి వస్తున్నాను. అతను దాన్ని ఎగరేసి తీసుకొచ్చేయొచ్చు."

ఆ మెత్తదనమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. తిట్టి ఉంటే ఎదురు చెప్పేది. ఆమె మరిది వైపు తిరిగింది.

"నీకు తెలిసిందా? నిజం చెప్పు."

అతను కాస్త ఆలోచించాడు. "మొదట్లో తెలిసింది. తర్వాత నీ మొహం చూశాక ఇంకేం తెలియలేదు వదినా. దిగాలని తప్ప."

ఇక ఆమెకు సాక్షి కూడా లేడు. ఒక్క దిక్సూచి బిళ్ళ, దాన్ని చూసిన తన కళ్ళు. ఆ కళ్ళను నమ్మొచ్చా అన్నదే ప్రశ్న. కెప్టెన్ గారు రావడానికి అరగంట పడుతుంది. ఆయన వచ్చి, బాగానే ఉంది పోనీయమంటే మరిది ఎక్కుతాడు.

"బాబాయ్, నిచ్చెన ఉందా?" అని అడిగింది.

గోలు స్తంభాలకు వల కట్టే నిచ్చెన ఉంది. కాపలాదారు తెచ్చి, తనే అడుగున పట్టుకుని నిలబడ్డాడు. ఆమె సంచిలోంచి నాణెం తీసి ఎర్ర గీత రెక్క మొదటి నుంచీ కొట్టడం మొదలుపెట్టింది. ఖంగు, ఖంగు, ఖంగు. నిచ్చెన జరిపి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ కొట్టి. రెక్క చివర కిందివైపు మెరిసే టేపు ముక్క దగ్గర ముందురోజులాగే నాణెం దాన్ని దాటేసింది.

దాటేసి ఆగింది.

రెండు రెక్కలూ ఒకే ఎత్తులో తిరుగుతున్నాయో లేదో దీపం వేసి చూడడానికి చివర్లలో అలాంటి టేపు అంటిస్తారు. టేపు మీద నాణెం చప్పుడు ఎలాగూ మందంగానే వస్తుంది కదా అని నిన్న రెండు రెక్కల మీదా దాన్ని వదిలేసింది. ఇప్పుడు దాని మీదే కొట్టింది. మందంగా మోగింది. దిగి, నిచ్చెన రెండో రెక్క కిందికి జరిపించి, అక్కడి టేపు మీదా కొట్టింది. అదీ మందమే, కానీ ఆ మందం వేరు. మళ్ళీ మొదటిదాని దగ్గరికొచ్చి కొట్టింది. ఇది చచ్చిన చప్పుడు.

గోటితో టేపు అంచు లేపి లాగింది. కింద రంగు మీద వెంట్రుకంత గీత. అది రంగు మీద గీతేనేమో అనుకుంటూ గోరు ఆనించింది. గోరు లోపలికి దిగింది. రేకు లేచింది. లోపలి నుంచి ఒక నీటిబొట్టు జారి ఆమె వేలి మీదుగా మణికట్టు దాకా పాకింది.

పొద్దున కడిగిన నీళ్ళు. నిన్న కడిగిన నీళ్ళూ అంతే. రెక్క లోపల దూరి, తిరిగినప్పుడల్లా చోటు మారి, ఎండకు ఆరిపోయి, పూటకో అంకె చెప్పించింది అవే. కానీ నీళ్ళు కాదు అసలు భయం. గాలికి ఆ రేకు ఇంకో జానెడు లేచి ఉంటే రెక్క రెక్కగా మిగిలేది కాదు.

ఆమె నిచ్చెన మీదే చేతిలోని టేపు ముక్కను తిరగేసి చూసింది. మూల మీద పెన్నుతో తేదీ. ఎనిమిది నెలల కిందటిది. తన చేతిరాత. అంటించిన రోజు అక్కడ గీత ఉందా? గుర్తు చేసుకోవాలని చూసింది. రెక్కను గుడ్డతో తుడిచినట్టు గుర్తుంది, అంతే. ఎనిమిది నెలలుగా మరిది దాని కింద కూర్చుని ఎగురుతున్నాడు. నిన్న కూడా తనే దాన్ని దాటేసింది. నిచ్చెన ఊగుతోంటే కాపలాదారు కింద నుంచి, "గట్టిగానే పట్టుకున్నానమ్మా, దిగు" అన్నాడు.

దిగి, మరిదికి మొత్తం చెప్పింది. గీత, నీళ్ళు, టేపు, తేదీ, నిన్న వదిలేయడం, ఏదీ దాచలేదు. అతను గడ్డిలో కూర్చుండిపోయాడు. చాలాసేపు రెక్క కొసనే చూశాడు.

"టేపు నువ్వు అంటించావని నాకు తెలిసేది కాదు కదా వదినా."

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పావు?"

"ఎక్కేది నువ్వు కాబట్టి."

అతను ఇంటికెళ్ళే దాకా ఆమెతో మాట్లాడలేదు. ఆ మౌనం ఇంకో పది రోజులు సాగింది.

కెప్టెన్ గారు వచ్చి, నిచ్చెనెక్కి, తన గోరు తనే ఆనించి చూశాడు. దిగాక కళ్ళజోడు తీసి చొక్కాతో చాలాసేపు తుడుచుకున్నాడు. పామా తాడా అన్న మాట మళ్ళీ రాలేదు. "దీన్ని లారీలో తీసుకెళ్దాం" అని మాత్రం అన్నాడు. ఆమె అటునుంచి అటే హ్యాంగర్‌కు వెళ్ళి మిగతా రెండు హెలికాప్టర్ల టేపులన్నీ పీకేసింది. వాటి కింద ఏమీ లేదు.

తనిఖీ కాగితం మీద "టేపు కింద పరీక్షించలేదు" అని రాసి సంతకం పెట్టింది. ఆ వాక్యం రాయక్కర్లేదని కెప్టెన్ గారు అన్నాడు, రాసింది. ఆరు వారాల పాటు ఆమె సంతకం చెల్లదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ ఆరు వారాలూ పొరుగు కంపెనీ మెకానిక్ వచ్చి సంతకాలు పెట్టాడు, ఈమె స్పానర్లు అందించింది.

అత్తగారికి ఆమే చెప్పింది. మరిది వద్దని అన్నతో చెప్పించాడు, భర్త నెమ్మదిగా చెబుదామన్నాడు. ఆవిడ అంతా విని, చేతిలో మడతపెడుతున్న దుప్పటిని మూడుసార్లు విప్పి మడతపెట్టారు.

"నువ్వు దించమన్నప్పుడు వాడు వెంటనే దించాడా?"

"ఒకసారి అడ్డు చెప్పాడు అత్తయ్యా. తర్వాత దించాడు."

"ఆ ఒక్కసారీ ఎందుకు చెప్పాడట" అని ఆవిడ లేచి కొడుకు గదిలోకి వెళ్ళారు. లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. పదకొండో రోజున అతను టీ గ్లాసు తెచ్చి వదిన ముందు పెట్టి, "కొత్త రెక్కలు వచ్చాయట. ఎప్పుడు కూర్చుంటావు?" అన్నాడు.

కొత్త రెక్కలతో కూర్చుంది. భయం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు కూర్చుంది, ప్రతిసారీ ఖాళీ కడుపుతోనే, ప్రతిసారీ చేతులు తొడల కింద పెట్టుకునే. అలవాటైపోతుందన్నవాళ్ళ మాట ఆమె విషయంలో నిజం కాలేదు.

ఇప్పుడామె దగ్గరికి పొరుగు కంపెనీల పైలట్లు కూడా వస్తుంటారు. ఈమధ్య ఒక కొత్త కుర్ర పైలట్ వచ్చి స్టిక్ కొంచెం ఊగుతోందన్నాడు. పైకీ కిందికా, పక్కలకా అని అడిగింది. కాళ్ళ దగ్గర అడిగింది. చివర్న, "భయం వేసిందా?" అంది.

"అబ్బే, లేదండీ."

ఆమె పెన్ను పక్కన పెట్టి అతని మొహంలోకి చూస్తూ కూర్చుంది. అతను టోపీ తీసి చేతుల్లో తిప్పాడు.

"కొంచెం వేసిందండీ."

"ఏ వేగానికి వచ్చేసరికి?" అని ఆమె తనిఖీ పుస్తకం తెరిచింది.